బూట్ల కథ: 1950 ప్రపంచకప్‌లో మనం ఆడని గ్రూపు

మా ఊళ్లో నెలకో ఆదివారం పిల్లలకి శాస్త్రీయ దృక్పథం మీద క్లాసు పెడుతుంటాం. గాల్లోంచి విభూతి తీయడం, నాలుకకి శూలం గుచ్చుకోవడం, నోట్లో కర్పూరం వెలిగించుకోవడం లాంటివి చేసి చూపిస్తాం. పిల్లలు నోరు తెరిచి చూశాక వాటి గుట్టు విప్పుతాం. క్లాసు అయిపోయేముందు నేను ఎప్పుడూ ఒకే మాట చెబుతాను. "ఎవరేం చెప్పినా సరే, ఆఖరికి నేను చెప్పినా సరే, దానికి ఆధారం ఏంటని అడగండి."

2022 నవంబరులో ఒక ఆదివారం నా మాట నాకే తగిలింది. ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ గ్రూపు మ్యాచ్‌లు జరుగుతున్న రోజులవి. అర్జెంటీనాని సౌదీ అరేబియా, జర్మనీని జపాన్ ఓడించాయి. పిల్లలందరి నోటా అదే మాట. ఒక కుర్రాడు లేచి, "ఆసియా దేశాలన్నీ ఆడుతున్నాయి కదా మాస్టారూ, మన ఇండియా ఎందుకు ఆడదు?" అని అడిగాడు.

నాకు మంచి అవకాశం దొరికిందనిపించింది. "ఒకసారి మనకి ఛాన్సు వచ్చిందిరా. 1950లో బ్రెజిల్‌లో ప్రపంచకప్ జరిగింది. మనవాళ్లు అర్హత కూడా సంపాదించారు. కానీ మన ఆటగాళ్లకి బూట్లు లేవు, వట్టికాళ్లతో ఆడేవాళ్లు. బూట్లు లేకపోతే ఆడనివ్వమని ఫిఫా చెప్పేసింది. అంతే, మనవాళ్లు వెళ్లలేదు. తెల్లవాళ్ల పెత్తనం అలా ఉండేది" అని చెప్పాను. పిల్లలకి కోపం వచ్చింది. నాకు సంతోషం వేసింది.

వెనక వరసలో పదో తరగతి అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. "దానికి ఆధారం ఏంటి మాస్టారూ?"

"అది అందరికీ తెలిసిందేనమ్మా" అన్నాను.

అన్న మరుక్షణం నాకే సిగ్గేసింది. మా ఊరి చెరువుగట్టు మీద దెయ్యం ఉందని చెప్పేవాళ్లు, ఫలానా బాబా చచ్చినవాణ్ని బతికించాడని చెప్పేవాళ్లు ఇచ్చే జవాబు కూడా ఇదే. ఎన్ని సభల్లో ఈ జవాబుని వెక్కిరించానో లెక్కలేదు. "నాకు తెలీదమ్మా. వచ్చే నెల చెబుతాను" అని ఆ రోజుకి తప్పించుకున్నాను. ఆ తర్వాత కూర్చుని చదివాను. చదివినదాన్ని కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు 1950 ప్రపంచకప్ ఎలా జరిగిందో చూద్దాం. ఆ సంగతి తెలియకపోతే బూట్ల కథ నమ్మకంగానే కనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం వల్ల 1942లో, 1946లో పోటీలు జరగలేదు. 1938 తర్వాత పన్నెండేళ్లకి 1950 జూన్ 24న బ్రెజిల్‌లో మళ్లీ మొదలయ్యాయి. 1934లోనూ 1938లోనూ పోటీలు నాకౌట్ పద్ధతిలో నడిచాయి. ఓడితే ఇంటికే. ఒక జట్టు ఖండాలు దాటి వచ్చి ఒక్క మ్యాచ్ ఆడి వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. బ్రెజిల్ నిర్వాహకులకి ఇది నచ్చలేదు. పెద్ద పెద్ద స్టేడియాలు కడుతున్నారు, టిక్కెట్లు అమ్ముకోవాలి. 16 జట్ల నాకౌట్‌లో మూడో స్థానం ఆటతో కలిపినా 16 మ్యాచ్‌లే వస్తాయి. అదే నాలుగేసి జట్లతో నాలుగు గ్రూపులు పెట్టి, గ్రూపు విజేతలు నలుగురితో మళ్లీ ఇంకో గ్రూపు పెడితే 30 మ్యాచ్‌లు వస్తాయి. ఆ పద్ధతికే పట్టుబట్టారు, ఫిఫా ఒప్పుకుంది. అందుకే 1950లో ఫైనల్ అనే మ్యాచే లేదు. జులై 16న మరకానాలో ఉరుగ్వే 2-1తో బ్రెజిల్‌ని ఓడించిన ఆట నిజానికి చివరి గ్రూపులో చివరి మ్యాచ్ మాత్రమే. గ్రూపు దశ ప్రపంచకప్‌లో స్థిరపడిపోవడానికి వెనక టిక్కెట్ల లెక్క ఇంత ఉంది.

కాగితం మీద 30 మ్యాచ్‌లు. జరిగినవి 22. ఎందుకంటే 16 జట్లలో వచ్చినవి 13.

అసలు కథంతా ఈ 13 అనే అంకెలో ఉంది. బూట్ల కథ చెప్పేవాళ్లు ఒక్క ఇండియా మాత్రమే ఆగిపోయినట్టు చెబుతారు. నేనూ అలాగే చెప్పాను. కానీ ఆ ఏడాది ఎవరెవరు తప్పుకున్నారో చూడండి. బ్రిటన్ జట్ల పోటీలో మొదటి రెండు స్థానాలకి ప్రపంచకప్ అవకాశం ఇచ్చారు. మేం మొదటి స్థానంలో వస్తేనే వెళతామని ముందే ప్రకటించుకున్న స్కాట్లాండ్, రెండో స్థానంలో వచ్చి, ఆ పంతం కోసం వెళ్లడం మానేసింది. టర్కీ జట్టు సిరియాని 7-0తో ఓడించి అర్హత సంపాదించింది, ఖర్చు భరించలేమని తప్పుకుంది. ఖాళీలు నింపడానికి పోర్చుగల్‌ని పిలిస్తే రానంది. ఫ్రాన్స్‌ని పిలిస్తే ముందు సరేనంది. తీరా చూస్తే ఒక మ్యాచ్ దక్షిణాన పోర్తో అలెగ్రెలో, ఇంకోటి ఈశాన్యాన రెసిఫేలో పడ్డాయి. మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. మా వల్ల కాదని ఫ్రాన్స్ కూడా మానేసింది. స్కాట్లాండుకీ ఫ్రాన్సుకీ బూట్లు లేవా?

ఇక మన అర్హత సంగతి. "అర్హత సంపాదించారు" అని పిల్లలకి గొప్పగా చెప్పాను. నిజం ఏంటంటే ఇండియా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మన అర్హత గ్రూపులో బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఉన్నాయి. ముగ్గురూ తప్పుకున్నారు. మిగిలింది మనమే, కాబట్టి అర్హత వచ్చేసింది. మే 22న రియో డి జనీరోలో డ్రా తీసినప్పుడు ఇండియా పేరు మూడో గ్రూపులో పడింది. తోడు పడినవి ఇటలీ, స్వీడన్, పరాగ్వే. డ్రా తర్వాత మనవాళ్లు రావడం లేదని చెప్పేశారు. అప్పటికి పోటీలకి నెల రోజుల పైచిలుకు మాత్రమే ఉంది, ఇంకో జట్టుని తెచ్చే వీలు లేదు. మూడో గ్రూపు ముగ్గురితోనే నడిచింది. నాలుగో గ్రూపు పరిస్థితి ఇంకా విచిత్రం. అందులో ఇద్దరే మిగిలారు, ఉరుగ్వే, బొలీవియా. ఒకే మ్యాచ్ ఆడి, 8-0తో గెలిచి ఉరుగ్వే ముందుకెళ్లింది. ఆ ఉరుగ్వేయే చివరికి ప్రపంచ విజేత.

ఇప్పుడు బూట్ల కథని పరీక్షకి పెడదాం. మనం బాబాల మహిమలని పరీక్షించే పద్ధతిలోనే.

మొదటిది, తేదీల వరస. కథ ప్రకారం 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు వట్టికాళ్లతో ఆడటం చూసి ఫిఫా బూట్లు తప్పనిసరి చేసింది, అందుకని 1950లో వెళ్లలేకపోయాం. సరే. మరి 1952లో ఏం జరిగింది? హెల్సింకి ఒలింపిక్స్‌లో జులై 15న ఇండియా యుగోస్లావియాతో ఆడింది. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టికాళ్లతోనే ఆడారు. 10-1తో చిత్తుగా ఓడిపోయారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ కూడా ఫిఫా అజమాయిషీలోనే, అవే ఆట నియమాలతోనే జరుగుతుంది. 1950లో వట్టికాళ్ల మీద నిషేధం ఉంటే 1952లో వాళ్లని మైదానంలోకి ఎవరు రానిచ్చారు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పకుండా బూట్ల కథ ముందుకి నడవదు. ఆ ఘోర పరాజయం తర్వాత మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యే ఆటగాళ్లకి బూట్లు తప్పనిసరి చేసింది. అంటే బూట్ల నిబంధన పెట్టింది మనవాళ్లు, పెట్టింది 1950 తర్వాత. ఈనాటి ఆట నియమాల్లో పాదరక్షలు తప్పనిసరి. దాన్ని వెనక్కి తీసుకెళ్లి 1950కి అంటగట్టడం తేలిక, అంతే.

రెండోది, ఆ రోజుల్లో సమాఖ్య చెప్పిన కారణం. జట్టు ఎంపికలో అభిప్రాయభేదాలు, సాధనకి సమయం చాలకపోవడం. ఇవీ వాళ్లు చెప్పినవి. బూట్లు కావు. ఆ తరానికి చెందిన పెద్ద ఆటగాడు శైలేన్ మన్నా, 1951 ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టు కెప్టెన్, చాలా ఏళ్ల తర్వాత ఈ విషయం తేల్చి చెప్పాడు. మాకు అప్పట్లో ప్రపంచకప్ గురించి పెద్దగా తెలీదు, ఒలింపిక్సే మాకు సర్వస్వం, బూట్ల సంగతి అసలు కారణాన్ని కప్పిపుచ్చడానికి చెప్పిందే అన్నది ఆయన మాటల సారాంశం. ఒక్క మనిషి జ్ఞాపకాన్ని పట్టుకుని చరిత్ర రాయకూడదు. కానీ ఆ జ్ఞాపకం ఆనాటి ప్రకటనకీ, తర్వాత జరిగినదానికీ సరిపోతోంది. బూట్ల కథ దేనికీ సరిపోవడం లేదు.

మూడోది, ఇంగితజ్ఞానం. నిషేధం నిజంగానే ఉందనుకుందాం. పదకొండుమందికీ బూట్లు కొనడం ఎంత పని? కలకత్తా పక్కన బాటానగర్‌లో 1930ల నుంచే చెప్పుల ఫ్యాక్టరీ నడుస్తోంది. 1948లో లండన్‌లో ఆడినవాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడితే, కొందరు బూట్లతోనే ఆడారు. మనవాళ్లకి వట్టికాళ్ల మీద ఆడటం అలవాటు, ఆ అలవాటులో నేర్పు. అంతేగాని బూటు అనే వస్తువు దొరక్క కాదు.

డబ్బు లేక వెళ్లలేదు అంటారు కొందరు. ఇది బూట్ల కథ కన్నా కాస్త మెరుగైన వాదన. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లు కూడా నిండని దేశం, సముద్రం మీద వారాల తరబడి ప్రయాణం, విదేశీ మారకద్రవ్యం కటకట, ఇవన్నీ నిజాలే. కానీ ప్రయాణ ఖర్చులో ఎక్కువ భాగం భరిస్తామని బ్రెజిల్‌వాళ్లు ముందుకొచ్చారు. కాబట్టి డబ్బు ఒక్కటే కారణమని కూడా చెప్పలేం. నాకు అర్థమైనంతవరకు అసలు కారణం చాలా చప్పగా ఉంటుంది. ప్రపంచకప్ అంటే ఎంత పెద్ద విషయమో మన అధికారులకి అర్థం కాలేదు. రాబోయేది సొంత గడ్డ మీద, 1951లో ఢిల్లీలో జరిగే ఏషియన్ గేమ్స్. ఆ తర్వాత ఒలింపిక్స్. వాటి ముందు బ్రెజిల్ పోటీలు వాళ్లకి ఆనలేదు. తయారీ లేదు, ఆసక్తి లేదు, మానేశారు. మానేయడం ఆ రోజుల్లో అంత వింత కూడా కాదు, పైన చూశాం కదా.

మరి ఇంత చప్పటి నిజం ఉండగా బూట్ల కథ ఇన్నేళ్లు ఎలా బతికింది? నాకు ఆసక్తి కలిగించిన ప్రశ్న ఇదే.

ఏ అబద్ధమైనా బతకాలంటే అందులో పిడికెడు నిజం ఉండాలి. ఇందులో ఉంది. 1911 జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించింది. బగాన్ ఆటగాళ్లలో ఒక్కరు తప్ప మిగతా పదిమందీ వట్టికాళ్లతోనే ఆడారు. బూట్లేసుకున్న సిపాయిల్ని వట్టికాళ్ల కుర్రాళ్లు ఓడించారు. ఆ రోజుల్లో అది ఆటలో గెలుపు ఒక్కటే కాదు, పాలకుల మీద గెలుపు. అప్పటినుంచీ వట్టికాలు మనకి పౌరుషానికి గుర్తయింది. 1948లో లండన్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో మనవాళ్లు 2-1తో ఓడినా, రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నా, వాళ్ల ఆట చూసి జనం ముచ్చటపడ్డారు. వట్టికాళ్లకి ఇంకో మెరుపు వచ్చింది. ఇక్కడిదాకా అంతా నిజం. ఆ నిజం మీద "అందుకే మనల్ని రానివ్వలేదు" అనే వాక్యాన్ని ఎవరో అతికించారు. అతుకు కనిపించనంత బాగా అతుక్కుంది.

ఇక ఆ వాక్యం అందరికీ ఉపయోగపడింది. సమాఖ్యకి ఉపయోగం, ఎందుకంటే తప్పు తమది కాదు, ఫిఫాది అయిపోతుంది. దేశభక్తులకి ఉపయోగం, ఎందుకంటే మనం పేదవాళ్లమేగాని చేతకానివాళ్లం కాదని చెప్పుకోవచ్చు. పత్రికలకి ఉపయోగం, నాలుగేళ్లకోసారి ప్రపంచకప్ వచ్చినప్పుడల్లా ఒక చిన్న ఐటమ్ తయారు. నాలాంటివాడికీ ఉపయోగం, తెల్లవాళ్ల పెత్తనం మీద నాకున్న అభిప్రాయానికి ఒక ఉదాహరణ. నేను నమ్మడానికి కారణం కూడా అదే. ఆధారం చూసి నమ్మలేదు. నాకు ముందే ఉన్న అభిప్రాయానికి సరిగ్గా సరిపోయింది కాబట్టి నమ్మాను. దేవుడి మహిమని నమ్మే భక్తుడికీ ఆ రోజు నాకూ తేడా ఏముంది? వలస పాలకుల దుర్మార్గానికి నిజమైన రుజువులు కావలసినన్ని ఉన్నాయి. దాన్ని నిరూపించడానికి అబద్ధం అక్కర్లేదు. ఒక అబద్ధం కలిపితే, అది బయటపడిన రోజు మిగతా నిజాలని కూడా జనం అనుమానిస్తారు.

ఇంకో నష్టం కూడా ఉంది. ఆడని గ్రూపు గురించి ఇంత మాట్లాడుకునే మనం, ఆడిన గ్రూపుని మరిచిపోయాం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో గ్రూపులో ఆడింది. తోటి జట్లు హంగరీ, ఫ్రాన్స్, పెరూ. గ్రూపుకి ఒక్క జట్టే సెమీఫైనల్‌కి వెళ్లే పద్ధతి. కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. రోమ్ వెళ్లిన జట్టులో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. కెప్టెన్ పి.కె. బెనర్జీ.

మొదటి మ్యాచ్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడారు. మన గోల్ బలరాందే. రెండో మ్యాచ్‌లో ఫ్రాన్స్ మీద బెనర్జీ గోల్ కొట్టాడు, చివర్లో ఫ్రాన్స్ సమం చేసింది, 1-1. మూడో మ్యాచ్‌లో పెరూ చేతిలో 3-1తో ఓడారు. ఆ గోల్ కూడా బలరాందే. గ్రూపులో ఆఖరి స్థానం, ఒక్క పాయింటు.

పట్టిక మాత్రమే చూస్తే ఘోరంగా ఉంటుంది. కానీ అదే హంగరీ ఆ గ్రూపులో పెరూకి 6 గోల్స్ కొట్టింది, ఫ్రాన్స్‌కి 7 కొట్టింది, ఇండియాకి 2 కొట్టింది. చివరికి కాంస్యం గెలిచింది. ఎనిమిదేళ్ల కిందట హెల్సింకిలో పది గోల్స్ తిన్న దేశం ఇది. ఆ ఎనిమిదేళ్లలో ఏ మహిమా జరగలేదు. ఒక బడిపంతులు కొత్త పద్ధతులు నేర్చుకుని కుర్రాళ్లకి నేర్పాడు, బూట్లు వేసుకుని ఆడటం అలవాటు చేసుకున్నారు.

ఇక్కడ కూడా అతి చెయ్యకూడదు. ఆ రోజుల్లో ఒలింపిక్స్ అంటే అమెచ్యూర్ ఆటగాళ్ల పోటీ. ఫ్రాన్స్ పంపింది తన అసలు జట్టుని కాదు. 1956 మెల్‌బోర్న్‌లో మనం నాలుగో స్థానంలో వచ్చామని గొప్పగా చెప్పుకుంటాం. అదీ నిజమే. ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. కానీ మొదటి రౌండులో హంగరీ రాకపోవడం వల్ల ఆడకుండానే ముందుకెళ్లాం, ఆ తర్వాత యుగోస్లావియా చేతిలో, బల్గేరియా చేతిలో ఓడాం. గెలిచింది ఒక్క మ్యాచ్. రహీం గొప్పతనానికి ఈ వివరాలు చెప్పడం వల్ల తరుగేమీ రాదు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చింది. ఆ పేరు కొందరికైనా తెలిసిందంటే ఆ సినిమా పుణ్యమే. మన హైదరాబాద్‌వాళ్లకి ఆయన పేరు తెలియడానికి హిందీ సినిమా రావాల్సి వచ్చింది.

ఇదే లెక్కన "1950లో వెళ్లి ఉంటేనా" అనే వాదన కూడా చూడాలి. రెండు రకాలుగా చెబుతారు. వెళ్లి ఉంటే మన ఫుట్‌బాల్ ఎక్కడో ఉండేదని కొందరు. వెళ్లి ఉంటే డజన్ల కొద్దీ గోల్స్ తినేవాళ్లమని కొందరు. మూడో గ్రూపులో ఏం జరిగిందో మాత్రం రికార్డుల్లో ఉంది. ఇటలీ రెండుసార్లు ప్రపంచ విజేత. కానీ 1949 మే 4న సుపెర్గా విమాన ప్రమాదంలో టొరినో జట్టు మొత్తం చనిపోవడంతో ఇటలీ వెన్నువిరిగింది. 1950లో విమానం ఎక్కడానికి ఇష్టపడక ఓడలో బ్రెజిల్ చేరారు. స్వీడన్ 1948 ఒలింపిక్ విజేత, అయితే దాని మేటి ఆటగాళ్లు ఇటలీ క్లబ్బులకి వెళ్లిపోయారు, వాళ్లని జట్టులోకి తీసుకోలేదు. స్వీడన్ 3-2తో ఇటలీని ఓడించింది, పరాగ్వేతో 2-2 డ్రా చేసింది. ఇటలీ 2-0తో పరాగ్వేని ఓడించినా లాభం లేకపోయింది, స్వీడన్ ముందుకెళ్లి చివరికి మూడో స్థానం సంపాదించింది. అదే జూన్ 29న రెండో గ్రూపులో ఇంగ్లండ్‌ని అమెరికా 1-0తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. కాబట్టి ఏదైనా జరిగి ఉండొచ్చు. ఏం జరిగేదో తెలుసుకునే దారి లేదు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం మన హేతువాదుల మొదటి పాఠం, క్రికెట్, ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి మనమూ జ్యోతిష్కులమైపోతాం.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2026 ప్రపంచకప్‌కి జట్ల సంఖ్య 32 నుంచి 48కి పెంచారు. ఆసియాకి నేరుగా 8 స్థానాలు వచ్చాయి. అర్హత పోటీల రెండో రౌండులో ఇండియా గ్రూపులో ఖతార్, కువైట్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి. గ్రూపు నుంచి ఇద్దరు ముందుకెళ్లొచ్చు. 2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో చివరి మ్యాచ్. ఇండియా 1-0తో ముందుంది. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి వెళ్లినట్టు కనిపించినా, దాన్ని లోపలికి లాగి ఖతార్ గోల్ కొట్టింది. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇంకో గోల్ పడింది, 2-1తో ఓడాం. దేశమంతా మోసం అని గగ్గోలు పెట్టింది.

ఈసారి ఆ గగ్గోలులో న్యాయం ఉంది. బూట్ల కథలా గాలి కబురు కాదు, వీడియో ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఆ మ్యాచ్ గెలిచి ఉంటే ఇండియాకి 8 పాయింట్లు వచ్చేవి, కువైట్ 7 దగ్గర ఆగింది. ముందుకెళ్లేవాళ్లం. అన్యాయం నిజంగా జరిగినప్పుడు జరిగిందని చెప్పాలి, హేతువాదం అంటే ప్రతి ఫిర్యాదునీ కొట్టిపారేయడం కాదు.

కానీ మొత్తం లెక్క కూడా చూడాలి. ఆ గ్రూపులో మనం ఆడింది 6 మ్యాచ్‌లు, కొట్టింది 3 గోల్స్. కువైట్‌ని వాళ్ల ఊళ్లో ఓడించాం. కానీ కలకత్తాలో అదే కువైట్‌తో 0-0. అఫ్గానిస్తాన్‌తో మొదట 0-0, ఆ తర్వాత గువాహటిలో, మన సొంత మైదానంలో, 2-1తో ఓటమి. సొంత దేశంలో ఆడుకునే పరిస్థితి కూడా లేని అఫ్గాన్ జట్టు మన గడ్డ మీద మనల్ని ఓడించింది. గువాహటిలో గెలిచి ఉంటే దోహాలో ఓడినా ముందుకెళ్లేవాళ్లం. రిఫరీ తప్పు ఒక్కటే గుర్తుపెట్టుకుని మిగతా ఐదు మ్యాచ్‌లని మరిచిపోతే, ఇంకో యాభై ఏళ్లకి అది ఇంకో బూట్ల కథ అవుతుంది. తేడా ఒక్కటే, ఇందులో పిడికెడు బదులు దోసెడు నిజం ఉంటుంది.

అన్నట్టు, రహీం చనిపోయిన రోజు 1963 జూన్ 11. దోహా మ్యాచ్ కూడా జూన్ 11నే. ఇదేదో శాపం అని వాట్సాప్‌లో తిప్పకండి. ఏడాదికి 365 రోజులే ఉన్నాయి, ఎన్నో మరణాలు, ఎన్నో మ్యాచ్‌లు. కొన్ని ఒకే తేదీన పడతాయి.

మళ్లీ నెల క్లాసులో ఇదంతా పిల్లలకి చెప్పాను. ముందుగా, "పోయిన నెల నేను చెప్పింది తప్పు" అని బోర్డు మీద రాశాను. తర్వాత 1948, 1950, 1952 అని మూడు అంకెలు రాసి, నేను చెప్పిన కథలో తప్పు ఎక్కడుందో మీరే పట్టుకోండి అన్నాను. 1952లో ఏం జరిగిందో చెప్పగానే ముగ్గురు నలుగురు ఒకేసారి చేతులెత్తారు. విభూతి గుట్టు విప్పినప్పుడు కూడా అంత సందడి చూడలేదు.

ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం ఇంకా తృప్తి పడలేదు. "అయితే 1950లో వెళ్లకపోవడానికి ఫలానా కారణం అని ఖచ్చితంగా తెలుసా మాస్టారూ?" అంది.

"బూట్లు కాదని గట్టిగా చెప్పగలనమ్మా. మిగతా కారణాల్లో ఏది ఎంత అన్నది అంత గట్టిగా చెప్పలేను" అన్నాను.

ఆ అమ్మాయి తలూపి, నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది.